ఓవెన్ ఫారెల్‌ని 2025 లయన్స్ టూర్‌కి పిలవడం సబబేనా?

ఎడమకాలి_కిక్:
రగ్బీ చూసేవాళ్లు చెప్పండి. బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్ అంటే ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్ ఆటగాళ్లలో మేటివాళ్లని ఏరి నాలుగేళ్లకోసారి కట్టే జట్టు. 2025లో ఆస్ట్రేలియా వెళ్లింది. హెడ్ కోచ్ ఆండీ ఫారెల్. మే నెలలో 38 మందిని ప్రకటించినప్పుడు ఆయన కొడుకు ఓవెన్ పేరు లేదు. జులైలో ఆ జట్టులోని ఎలియట్ డేలీ ముంజేయి విరిగింది, ఆ చోటు ఓవెన్‌కి వచ్చింది. అప్పటికి అతను అంతర్జాతీయ మ్యాచ్ ఆడి ఏడాదిన్నర దాటింది. ఫ్రాన్స్‌లో రాసింగ్ 92 క్లబ్‌కి ఆడిన సీజన్ గాయాలతోనే గడిచింది. వేరే ఇంటి పిల్లాడైతే ఆ ఫోన్ వచ్చేదా? వచ్చేది కాదనే నా నమ్మకం.

విగన్_దగ్గర_ఉంటా:
మీ బాధ అర్థమైంది కానీ, ఆ కుటుంబాన్ని ఒక్క ఫోన్‌తో తూచకండి. వాళ్ల ఊరు, ఉత్తర ఇంగ్లండ్‌లోని విగన్‌లో పదమూడు మంది ఆడే రగ్బీ లీగ్ అంటే ప్రాణం. ఆండీ ఒకప్పుడు అక్కడి జట్టుకి కెప్టెన్. ఓవెన్ తాత కీరన్ ఓలాఫ్లిన్, మేనమామ షాన్ ఓలాఫ్లిన్ కూడా అదే ఆట ఆడినవాళ్లు. ఓవెన్ పుట్టేనాటికి ఆండీకి 16 ఏళ్లే! 2005లో తండ్రి లండన్ క్లబ్ సారసెన్స్‌కి మారాడు కాబట్టే పిల్లాడు పదిహేను మంది ఆడే రగ్బీ యూనియన్‌లోకి వచ్చాడు. అక్కడిదాకా వారసత్వమే, ఒప్పుకుంటా.

ఆ తర్వాతి లెక్క అతనిది. 17 ఏళ్లకి సారసెన్స్ సీనియర్ జట్టులో ఆడాడు. ఇంగ్లండ్‌కి 112 మ్యాచ్‌లు. ఇంగ్లండ్ పాత ఆటగాడు జానీ విల్కిన్సన్ 1,179 పాయింట్ల రికార్డుని 2023 వరల్డ్ కప్‌లో సమోవా మీద దాటాడు. అదే కప్ సెమీఫైనల్లో దక్షిణాఫ్రికా చేతిలో 16-15తో ఓడినప్పుడు ఆ 15 పాయింట్లూ అతను కొట్టినవే. కిక్ ముందు అతన్ని గమనించారా? తల వంచి, కళ్లు మాత్రం బంతి నుంచి పోస్టుల దాకా, మళ్లీ వెనక్కి మెల్లగా నడిపిస్తాడు. స్టేడియమంతా గోల చేస్తున్నా ఆ చూపు చెదరదు. అది ఏ నాన్నా ఇచ్చేది కాదండీ.

ఎడమకాలి_కిక్:
గొప్ప ఆటగాడు కాదని నేనెక్కడ అన్నాను? ఎత్తు టాకిల్స్‌కి, అంటే ఎదుటివాణ్ణి భుజాల పైన పట్టి ఆపినందుకు, పదే పదే నిషేధాలు పడ్డాయన్నదీ నిజమే, దాన్నీ పక్కన పెడదాం. 2012లో ఇంగ్లండ్‌కి, 2013, 2017లో లయన్స్‌కి ఆండీ అసిస్టెంట్ కోచ్‌గా ఉన్నాడు. కొడుకు ఆడిన చోటల్లా తండ్రి ఉంటే జనం మాట్లాడుకోరా?

విగన్_దగ్గర_ఉంటా:
2021 వదిలేశారు. అప్పుడు ఆండీ లయన్స్ సిబ్బందిలోనే లేడు. అయినా అప్పటి హెడ్ కోచ్ వారెన్ గాట్లాండ్ ఓవెన్‌ని దక్షిణాఫ్రికా తీసుకెళ్లాడు.

పీఈటీ_సార్_కొడుకు:
నా మాట కూడా వినండి. మా నాన్న మా స్కూల్లో డ్రిల్లు మాస్టారు, నేను కబడ్డీ జట్టులో రైడర్ని. ప్రతి రైడ్‌కీ లోపల ఒకటే టెన్షన్. పాయింట్ తెస్తే "సార్ కొడుకు కదా" అనేవాళ్లు, దొరికిపోతే ఇంకా గట్టిగా అనేవాళ్లు. నాన్న నన్ను రెండు మ్యాచ్‌లు కావాలనే కూర్చోబెట్టాడు. నేను వారం మాట్లాడలేదు. ఆండీ మేలో కొడుకుని పక్కన పెట్టి ఇంటికెళ్లిన రోజు ఎలా ఉండి ఉంటుందో నాకు ఊహకందుతుంది. పైగా ఓవెన్ 2023 చివర్లో మానసిక ప్రశాంతత కోసమని ఇంగ్లండ్ జట్టుకి దూరమైన మనిషి. ఆస్ట్రేలియాలోనూ మొదటి టెస్టుకి అతన్ని తీసుకోలేదు. రెండోదానికి బెంచ్ నుంచే వచ్చాడు. ఆ మ్యాచ్ 29-26తో గెలిచి సిరీస్ పట్టేశారు.

ఎడమకాలి_కిక్:
2021 సంగతి నాకు తట్టలేదు, ఆ మాట ఒప్పుకుంటున్నా. ఓవెన్ తగినవాడే. కానీ డేలీ గాయపడ్డాక ఎవరిని పిలవాలన్న నిర్ణయం మాత్రం ఆండీ చేతిలో ఉండకుండా మిగతా కోచ్‌లకి వదిలెయ్యాల్సింది. అలా చేసుంటే ఆ కుర్రాడి మీద ఇంత మాట పడేది కాదు.