పీహెచ్‌డీకి అప్లై చేసే ముందు ప్రొఫెసర్లకి మెయిల్ పెట్టాలా, వద్దా?

కొత్త_అడుగు:
ఈ డిసెంబర్ డెడ్‌లైన్లకి పీహెచ్‌డీ అప్లికేషన్లు వేస్తున్నా. బయాలజీలో కంప్యూటేషనల్ వైపు. అమెరికాలో కొన్ని, యూరప్‌లో కొన్ని అనుకుంటున్నా. ముందే ప్రొఫెసర్‌తో మాట్లాడుకోకపోతే అప్లికేషన్ ఫీజు దండగ అని ఒక సీనియర్ అంటారు, మెయిళ్లు పెట్టి విసిగిస్తే అసలుకే మోసం వస్తుందని ఇంకో సీనియర్ అంటారు. ఎస్‌ఓపీ (ఎందుకు, ఏం చదవాలనుకుంటున్నానో చెప్పే వ్యాసం) రాయాల్సిన టైమంతా ఈ టెన్షన్‌కే పోతోంది. ఏదో ఒకటి తేల్చి చెప్పండి ప్లీజ్.

మొండిఘటం:
పెట్టాల్సిందే, ఇందులో రెండో మాట లేదు. మీరు ఎవరి పని చూసి ఆ యూనివర్సిటీకి అప్లై చేస్తున్నారో ఆయన ఈ ఏడాది కొత్త విద్యార్థుల్ని తీసుకోకపోవచ్చు. గ్రాంట్ అయిపోయి ఉండొచ్చు, రిటైర్మెంట్ దగ్గర పడి ఉండొచ్చు, వేరే యూనివర్సిటీకి మారిపోతూ ఉండొచ్చు, ఇవేవీ వెబ్‌సైట్‌లో కనబడవు. "ఈసారి తీసుకోవట్లేదు" అని ఒక్క లైను జవాబొస్తే ఫీజు మిగులుతుంది, ఆ ఎస్‌ఓపీకి పెట్టే శ్రమా మిగులుతుంది. అడిగితే పోయేదేముంది?

నిదానం:
పోయేది ఉందండీ. అమెరికాలో చాలా డిపార్ట్‌మెంట్లలో సీటు ఇచ్చేది అడ్మిషన్ కమిటీ, ఒక్క ప్రొఫెసర్ కాదు. అందులోనూ బయాలజీలో చాలా ప్రోగ్రాములు మొదటి ఏడాది రెండు మూడు ల్యాబుల్లో రొటేషన్, అంటే ఒక్కోదాంట్లో కొన్నాళ్లు పని, చేయించి, ఆ తర్వాతే గైడ్‌ని ఎంచుకోమంటాయి. అంటే చేరేనాటికి మీకు గైడే ఉండరు. కొందరు ప్రొఫెసర్లైతే తమ పేజీలోనే రాసిపెడతారు, అడ్మిషన్ గురించి మెయిల్ చేయొద్దు, నేరుగా అప్లై చేసి అందులో నా పేరు రాయండి అని. అది చదవకుండా మెయిల్ కొట్టినవాళ్ల మీద ఏం అభిప్రాయం కలుగుతుంది?

నాకు ఇంకో బాధ కూడా ఉంది. ఇలాంటి మెయిల్ ఎలా రాయాలో నేర్పేవాళ్లు చుట్టూ ఉన్నవాళ్లకే ఇది కలిసొస్తుంది, ఇంట్లో మొదటిసారి ఇంత చదువు దాకా వచ్చినవాళ్లు ఇక్కడే వెనకబడతారు. అందుకే కొత్తవాళ్లు ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే, ఆ టైమ్ రికమెండేషన్ లెటర్ల మీద పెట్టండి. మీ పని దగ్గరుండి చూసిన వాళ్లని కనీసం నెల ముందు అడిగి, సీవీ, ఎస్‌ఓపీ డ్రాఫ్ట్, మీరు వాళ్ల దగ్గర ఏం చేశారో గుర్తుచేసే చిన్న నోట్ చేతికివ్వండి. "క్లాసులో చురుకైన విద్యార్థి" అని పెద్ద పేరున్నాయన రాసిన ముక్క కంటే, మీతో కలిసి పనిచేసిన మామూలు లెక్చరర్ వివరంగా రాసిన పేజీకి బరువెక్కువ.

మొండిఘటం:
లెటర్ల గురించి మీరన్నది ఒప్పుకుంటా. కానీ మీరు అమెరికాని చూసి అందరినీ ఒకే గాటన కడుతున్నారు. జర్మనీలో సంప్రదాయ పద్ధతిలో ముందు గైడ్ దొరకాలి, ఆయన సరేనన్నాకే మిగతా తతంగం. బ్రిటన్‌లో చాలా డిపార్ట్‌మెంట్లు అప్లై చేసేముందే గైడ్ కాదగినవారితో మాట్లాడమని సలహా ఇస్తాయి. స్వీడన్, నెదర్లాండ్స్‌లో చాలావరకు పీహెచ్‌డీ అంటే జీతమిచ్చే ఉద్యోగం, ప్రకటన వేస్తారు, వివరాలకి ఎవరిని అడగాలో అందులోనే పేరిస్తారు. పేరిచ్చి అడగమన్నప్పుడు కూడా మొహమాటపడి కూర్చుంటామా?

ల్యాబ్_మూల:
నేను ఒక ల్యాబులో ఉన్నా. మా ప్రొఫెసర్ కొన్నిసార్లు ఇలాంటి మెయిళ్లు మాకు ఫార్వర్డ్ చేస్తారు కాబట్టి అటువైపు నుంచి ఎలా ఉంటుందో చెప్తా. "రెస్పెక్టెడ్ సర్, మీ అద్భుతమైన పరిశోధన నన్ను ఎంతో ప్రభావితం చేసింది" అని మొదలవుతుంది. ప్రొఫెసర్ పేరు ఒక ఫాంట్‌లో, మిగతా మెయిలంతా ఇంకో ఫాంట్‌లో ఉంటుంది, అంటే పేరు మార్చి అందరికీ పంపారని చూడగానే తెలిసిపోతుంది. మా ప్రొఫెసర్ మహిళ, ఆమెని సర్ అన్నవి కూడా ఉంటాయి. వాటికి జవాబు రాదు. జవాబొచ్చేవి చిన్నవి, ఆరేడు లైన్లు: నేనెవరు, మీ ఫలానా పేపర్‌లో నాకు తట్టిన ప్రశ్న ఇది, వచ్చే ఏడాదికి తీసుకుంటున్నారా, సీవీ జతచేశాను. అంతే.

జవాబు రాలేదంటే వద్దన్నట్టు కాదు. రెండు వారాలాగి ఒక్కసారి గుర్తుచేయండి, ఆ తర్వాత వదిలేసి అప్లై చేసుకోండి. అన్నిటికంటే ముఖ్యం, నా లెక్కలో ప్రొఫెసర్ కంటే ముందు మెయిల్ పెట్టాల్సింది ఆ ల్యాబులో చదివే పిల్లలకి. గైడ్ ఎన్నాళ్లకోసారి కలుస్తారు, మామూలుగా ఎన్నేళ్లలో బయటపడుతున్నారు, మధ్యలో మానేసినవాళ్లు ఉన్నారా, ఎందుకు మానేశారు, ఇవి అడగండి. మెయిల్‌లో నసిగితే కాల్ చేసి మాట్లాడండి, కాల్‌లో చెప్పినంత సూటిగా రాతలో ఎవరూ చెప్పరు. ఐదారేళ్లు ఒక మనిషి కింద పనిచేయబోతున్నాం, ఆ మాత్రం వాకబు చేయకుండా ర్యాంకు చూసి వెళ్లిపోవడం నాకసలు మింగుడుపడదు.

నిదానం:
విద్యార్థులతో మాట్లాడమన్నది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. ప్రొఫెసర్ జవాబు విషయంలో మాత్రం ఒక జాగ్రత్త చెప్పాలి. "మీ ప్రొఫైల్ బాగుంది, తప్పకుండా అప్లై చేయండి" అని వస్తే సీటొచ్చేసిందనుకుని మిగతా అప్లికేషన్లు తగ్గించుకునేవాళ్లు ఉంటారు. కమిటీ ఉన్నచోట ఆ మాట హామీ కాదు, దాన్ని నమ్ముకుని లిస్టులోంచి ఒక్క పేరు కూడా కొట్టేయకండి.

కొత్త_అడుగు:
అందరికీ థాంక్స్. అమెరికాలో రొటేషన్ ఉన్న ప్రోగ్రాములకి మెయిల్ పెట్టను, నేరుగా అప్లై చేస్తా, యూరప్ వాళ్లకి మాత్రం పెడతా. డ్రాఫ్ట్ ఇది, చూసి చెప్పండి: "గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి, నేను బయోటెక్నాలజీలో ఫస్ట్ క్లాస్‌లో మాస్టర్స్ పూర్తిచేశాను. ప్రోగ్రామింగ్‌లో మంచి పట్టు ఉంది. సింగిల్ సెల్ డేటా మీద మీ పేపర్ చదివాను. బ్యాచ్‌ల మధ్య తేడాని సరిచేసేటప్పుడు అరుదైన కణాల అసలు తేడా కూడా చెరిగిపోయే ప్రమాదం లేదా అనిపించింది. మీ విలువైన సమయాన్ని కేటాయించి నాకు అవకాశం ఇవ్వగలరని ప్రార్థిస్తున్నాను."

ల్యాబ్_మూల:
అరుదైన కణాల ప్రశ్న చాలా బాగుంది, దాన్ని పైకి తెచ్చి, మీ ప్రాజెక్టులో అలాంటి ఇబ్బంది ఎక్కడైనా ఎదురై ఉంటే ఇంకో లైను కలపండి. ఫస్ట్ క్లాస్ సంగతి సీవీలో ఉంటుంది కాబట్టి ఇక్కడ అక్కర్లేదు. "మంచి పట్టు ఉంది" తీసేసి మీరు రాసిన కోడ్ లింకు ఇవ్వండి. చివర్లో ప్రార్థనలు వద్దు, వచ్చే ఏడాదికి సీటుందా, ఫండింగ్ ఉందా అని సూటిగా అడగండి. పంపేముందు మెయిల్ వద్దని వాళ్ల పేజీలో ఉందేమో ఇంకోసారి చూసుకోండి.