చూడ చూడ రుచుల జాడ వేరు: రుచి నాలుకదా, కంటిదా?

గంటం:
ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో గీసిన గ్రాఫులకు పత్రికల రూపు తేవడం గురించి వ్యాసం రాస్తున్నాను. గ్రాఫు రూపును మార్చే థీమ్‌లున్న జీజీథీమ్స్ ప్యాకేజీ నుంచి, ఎకానమిస్ట్ పత్రికను అనుకరించే ‘థీమ్ ఎకానమిస్ట్’ తెచ్చి కలిపితే చాలు, బూడిద కలిసిన నీలం మీద తెల్లని అడ్డగీతలు పరుచుకుంటాయి. కాసేపు చూస్తేనే అది ఆ పత్రిక గ్రాఫు కాదని తెలుస్తుంది. ‘ఉప్పు కప్పురంబు’ గుర్తుకొచ్చింది. రెండో పాదం ‘చూడ చూడ’నా, ‘చూచి చూడ’నా? అయినా చూస్తే రుచి ఎలా తెలుస్తుంది?

తుమ్మెద:
గణాలు రెండింటికీ కుదురుతాయి గానీ ‘చూచి’ నిలవదండీ. అక్కడున్నది ప్రాసయతి, అంటే రెండో అక్షరం కలిస్తే కుదిరే యతి: చూడ, జాడ. డకారం పోతే యతి పోతుంది. ఇక రుచి అంటే కాంతి కూడా. ‘రుచిరం’ అక్కడిదే. కన్ను చూసేది ఆ కాంతినే.

పెరటిజామ:
ఒప్పుకోలేను. రెండూ ఒక్క పోలిక అని ముందే అన్నాడు కదా, కాంతి వేరైతే ఆ పోలిక ఏమైనట్టు? తెలుగులో రుచి చూస్తాం. మా అమ్మమ్మ గరిటెతో కాస్త పులుసు నా అరచేతిలో వేసి ‘ఉప్పు చూడవే’ అనేది. వేమన చూడమన్నదీ అలాగే.

తుమ్మెద:
కవులు కర్పూరాన్ని తెచ్చింది తెలుపు కోసమండీ. ‘శారద నీరదేందు ఘనసార పటీర మరాళ’ అన్న పోతన పద్యంలో ఘనసారం కర్పూరమే. మబ్బు, చంద్రుడు, కర్పూరం, చందనం, హంస, ఆపైన మల్లెలు, మంచు, నురుగు! అన్నీ తెలుపే, ఏ తెలుపూ మరొకటి కాదు. ఎన్నిసార్లు చదివినా ‘ఎన్నడు గల్గు భారతీ’ దగ్గర గొంతు పూడుకుపోతుంది.

గంటం:
నా గ్రాఫుకు అమ్మమ్మగారి అర్థమే దగ్గరగా ఉంది. బీబీసీ 2019లో అందరికీ ఇచ్చిన బీబీప్లాట్ అనే ఆర్ ప్యాకేజీలో ‘బీబీసీ స్టైల్’ అనే థీమ్ అక్షరాలను హెల్వెటికా ఫాంటులోకి మారుస్తుంది, నిలువు గీతలు తీసేసి అడ్డగీతలు ఉంచుతుంది. వక్రరేఖల రంగులు మనమే ఎంచుకోవాలి. శీర్షిక సంగతి సరేసరి. నిన్న నేను ‘సంవత్సరాలవారీ వర్షపాతం’ అని పెట్టాను. పత్రికలో అయితే ‘మూడేళ్లుగా తగ్గుతున్న వాన’ అని ఉండేది. థీమ్‌ను ‘ఒరవడి’ అందామా?

పెరటిజామ:
ఒరవడి మీద దిద్దితే చేతిరాత కుదురుతుంది, ఏం రాయాలో మనమే వెతుక్కోవాలి. మంచి మాట, వాడండి.

తుమ్మెద:
ఒరవడి సరే. ఉన్నవి రెండు తెల్లని వస్తువులు, నాలుకకు తెలిసేది ఒక్కొక్క రుచి. మరి ‘రుచుల’లోని బహువచనం ఆ రెండింటికేనా? నాకింకా కాంతులే కనిపిస్తున్నాయి.