అసెంబ్లీలో అడిగారు, "పరిశీలనలో ఉంది" అని జవాబు వచ్చింది. ఇప్పుడు మేమేం చేయాలి?

కొర్లగుంట రూమ్, తిరుపతి

అందరికీ నమస్కారం. మాది పలమనేరు దగ్గర పల్లె. ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా (డీఎంఎల్‌టీ) పూర్తయి నాలుగేళ్లయింది. తిరుపతి కొర్లగుంటలో ముగ్గురం ఒక రూమ్ తీసుకుని పరీక్షలకు చదువుకుంటున్నాం. ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులు మన వైపు చాలా ఖాళీగా ఉన్నాయని, ఔట్‌సోర్సింగ్‌లో పనిచేస్తున్న మా సీనియర్లు ఎప్పుడూ చెప్తుంటారు. చాలా అంటే ఎన్ని అని అడిగితే మాత్రం ఎవరికీ తెలీదు.

పోయిన సమావేశాలకు ముందు పద్దెనిమిది మందిమి సంతకాలు పెట్టి ఒక ఎమ్మెల్యే గారికి అర్జీ ఇచ్చాం. ఆయన నిజంగానే ప్రశ్న వేశారు. జవాబు కాగితం ఆయన పీఏ వాట్సాప్‌లో పంపించారు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ప్రశ్న: (అ) చిత్తూరు జిల్లాలో ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులు ఖాళీగా ఉన్న విషయం వాస్తవమేనా, (ఆ) అయితే, వాటిని ఎప్పటిలోగా భర్తీ చేస్తారు, (ఇ) లేనిచో, అందుకు కారణాలు ఏమిటి?

జవాబు: (అ) అవునండి. (ఆ) విషయం ప్రభుత్వ పరిశీలనలో ఉంది. (ఇ) ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు.

అంతే. ఆ రోజు సభలో దీని మీద మాట్లాడే వంతు కూడా రాలేదట. మా అమ్మ ఫోన్ చేసి "అసెంబ్లీలోనే అడిగినారంట కదా, ఇంక వచ్చేస్తాయిలే" అంటోంది. ఆమెకు ఏం చెప్పాలో తెలియక ఫోన్ పెట్టేశాను. "ఉత్పన్నం కాదు" అంటే అసలు అర్థం ఏమిటి? ఖాళీలున్నాయని మంత్రి గారే ఒప్పుకున్నాక కూడా ఏమీ జరగకపోతే, ప్రశ్న అడగడం వల్ల మాకు ఒరిగేదేమిటి? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

గిరింపేట, చిత్తూరు

అక్కా, సమాచార హక్కు కింద మీరే నేరుగా అడగొచ్చు. మన రాష్ట్రంలో పల్లె స్థాయి ఆఫీసుకైతే ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నేను రెండుసార్లు వేశాను. ఒకసారి పూర్తి వివరాలు వచ్చాయి, ఇంకోసారి అప్పీలుకు వెళ్లాల్సి వచ్చింది. ఎమ్మెల్యే చుట్టూ తిరగడం కన్నా ఇదే మేలు అని నా అభిప్రాయం.

రిటైర్డ్ సూపరింటెండెంట్, చిత్తూరు

అమ్మా, నీ పోస్టు రెండుసార్లు చదివాను. ముప్పై ఒక్క సంవత్సరాలు ఒక శాఖ జిల్లా ఆఫీసులో పనిచేశాను. అందులో ఎక్కువ కాలం ఉద్యోగుల పోస్టులు, ఖాళీల లెక్కలు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షనే. అక్కడ మేం ఈ శాసనసభ ప్రశ్నల్ని ఎల్‌ఏక్యూలు అంటాం. నువ్వు చూసినలాంటి జవాబులకు కింది నుంచి వివరాలు రాసి పంపినవాణ్ణి నేను. కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు "ఉత్పన్నం కాదు" సంగతి. మూడో భాగం "లేనిచో కారణాలేమిటి" అని ఉంది. అంటే, భర్తీ చేయబోమని చెబితేనే దానికి జవాబు చెప్పాలి. వాళ్లు భర్తీ చేయం అనలేదు, పరిశీలనలో ఉంది అన్నారు. దాంతో కారణం చెప్పాల్సిన పని తప్పిపోయింది. ఇందులో అబద్ధం లేదు, ప్రశ్న రాసిన తీరే అలాంటిది. "వాస్తవమేనా" అని అడిగితే "అవునండి" అంటే సరిపోతుంది. అంకె చెప్పాల్సిన అవసరం రాదు. ఒక్క పోస్టు ఖాళీగా ఉన్నా అవునండే, రెండు వందలున్నా అవునండే.

ప్రశ్న ఎలా ప్రయాణిస్తుందో చెబుతాను. సభ్యుడు నోటీసు ఇస్తారు. స్పీకర్ అనుమతిస్తే అది సచివాలయంలో ఆ శాఖకు, అక్కడి నుంచి శాఖాధిపతికి, అక్కడి నుంచి జిల్లాలకు వస్తుంది. మా కాలంలో సాయంత్రం నాలుగు గంటలకు ఫ్యాక్స్ వచ్చేది, పైన "మోస్ట్ అర్జెంట్" అని. రాత్రి బస్సులో ఒక గుమాస్తాను హైదరాబాద్ పంపేవాళ్లం, కాగితాలు బ్యాగులో పెట్టి. జవాబుతో పాటు అనుబంధ ప్రశ్నల కోసం ఒక నోట్ తయారు చేసేవాళ్లం. సభ్యుడు లేచి ఇంకేం అడుగుతాడో మేమే ఊహించి, మంత్రి గారి చేతికి అంకెలు అందించాలి. ఆ నోట్ రాయడమే అన్నిటికన్నా టెన్షన్.

ఎందుకంటే నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి లేచి నిలబడి జవాబు చెప్పాలి, ఆ మీదట అనుబంధ ప్రశ్నలుంటాయి. గుర్తు లేనిదానికి రాతపూర్వకంగా జవాబిస్తే చాలు. నక్షత్రం ఉన్నా వంతు రాకపోతే అదీ రాత జవాబే అవుతుంది. మీకు జరిగింది అదే. లోక్‌సభలో కూడా రోజుకు 20 నక్షత్ర ప్రశ్నలు జాబితాలో ఉంటాయి కానీ, అన్నీ మౌఖికంగా పూర్తయ్యే రోజులు అరుదు.

నా అనుభవం ఒకటి చెప్పాలి. తొంభైల్లో ఒక సభ్యుడు మా శాఖ ఖాళీల మీద మామూలు ప్రశ్నే వేశారు, మేం మామూలు జవాబే పంపాం. సభలో ఆయన లేచి "ఈ ఖాళీల్లో అన్నిటికన్నా పాతది ఏది, ఎప్పటి నుంచి ఖాళీ?" అని అడిగారు. మా నోట్‌లో అది లేదు. వివరాలు తెప్పించి చెబుతామని మంత్రి గారు అన్నారు. మర్నాడు మెమో వచ్చింది. రిజిస్టర్లు తీసి చూస్తే అడవి పక్క మండలంలో ఒక పోస్టు ఆరేళ్లుగా ఖాళీ. ఆ ఆరేళ్లూ ప్రతి నెలా స్టేట్‌మెంట్‌లో దాని ఎదురుగా "ఇన్‌ఛార్జి ఏర్పాటు ఉంది" అని రాసింది నేనే. పక్క మండలం ఉద్యోగి వారానికి ఒక్క రోజు వచ్చేవాడు, మిగతా రోజులు తలుపు మూసే ఉండేది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కుదుట పడదు. నాలుగు నెలల్లో అక్కడికి మనిషిని వేశారు. ఒక్క సూటి ప్రశ్న ఆ పని చేయించింది. అందుకే ప్రశ్నల వల్ల ఒరిగేదేమిటి అని నువ్వు అడిగితే నేను ఊరుకోలేకపోయాను.

ఇంకో సంగతి. మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ గారు 1956 నుంచి 1962 దాకా లోక్‌సభ స్పీకర్. మన చిత్తూరు ఎంపీ కూడా. ఆయన ఆ కుర్చీలో ఉన్నప్పుడే, 1957లో, ఎల్‌ఐసీ సొమ్ము సుమారు ఒక కోటీ 24 లక్షలు ముంద్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లలో పెట్టిన విషయం సభలో ప్రశ్నగా వచ్చింది. మొదటి జవాబుల్లో సూటిగా ఏమీ తేలలేదు. సభ్యులు వదల్లేదు. డిసెంబర్‌లో ఎంపీ ఫిరోజ్ గాంధీ దాన్ని చర్చకు తెచ్చారు, జస్టిస్ చాగ్లా విచారణ జరిగింది, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. మొదటి జవాబు దగ్గరే ఆగిపోయి ఉంటే అది అక్కడే సమసిపోయేది.

ఇక "పరిశీలనలో ఉంది" అన్న మాట. నువ్వు దాన్ని దాటవేత అనుకుంటున్నావు. సభా సంప్రదాయంలో అలాంటి మాట హామీ కిందికి వస్తుంది. ప్రభుత్వ హామీల కమిటీ అని చట్టసభల్లో ఉంటుంది. లోక్‌సభలో 1953 నుంచి ఉంది, అక్కడ మూడు నెలల్లో హామీ నెరవేర్చాలని పద్ధతి. మన శాసనసభలోనూ హామీల కమిటీ ఉంది. మీ ఎమ్మెల్యే గారు ఆ జవాబును కమిటీ దృష్టికి తీసుకెళ్లమని లేఖ రాయొచ్చు. పదిమందిలో తొమ్మిదిమంది సభ్యులు జవాబు రాగానే ఫైలు మూసేస్తారు. అక్కడే నష్టం జరుగుతోంది.

సమాచార హక్కు మేలన్న తమ్ముడి మాటతో సగమే ఏకీభవిస్తాను. దాంతో కాగితం వస్తుంది, మంచిదే. కానీ మంత్రిమండలి సమిష్టిగా శాసనసభకు బాధ్యత వహిస్తుందని రాజ్యాంగం 164వ అధికరణలో ఉంది. సభలో చెప్పిన మాటకు మంత్రి కట్టుబడాలి, ఆఫీసు ఇచ్చిన కాగితానికి ఆ బరువు ఉండదు. ముందు దరఖాస్తు వేసి అంకెలు తెప్పించుకోండి, ఆ అంకెలతో ప్రశ్న రాయించండి.

టీచర్, శ్రీకాళహస్తి

పెద్దాయన వివరంగా చెప్పారు. నాది ఒక్క మాట. ఎమ్మెల్యే ఒక్కరే దారి కాదు. మన శాసనమండలిలో 58 మంది ఉంటే అందులో ఐదుగురు పట్టభద్రులు, ఐదుగురు ఉపాధ్యాయులు ఎన్నుకునేవాళ్లు. ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు కలిపి తూర్పు రాయలసీమ స్థానం మనది. మండలిలో కూడా ప్రశ్నోత్తరాలుంటాయి, మంత్రులే జవాబు చెప్పాలి. ఉద్యోగాల విషయాలను అక్కడి సభ్యులు పట్టుదలగా అడుగుతారని నేను చూశాను. మీలో డిగ్రీ పూర్తయి మూడేళ్లయినవాళ్లు పట్టభద్రుల ఓటరు జాబితాలో పేరుందో లేదో చూసుకోండి. మామూలు ఓటు ఉంటే సరిపోదు, దీనికి వేరే దరఖాస్తు పెట్టాలి.

కొర్లగుంట రూమ్, తిరుపతి

సార్, మీరు రాసింది రూమ్‌లో అందరికీ చదివి వినిపించాను. ఆ ఆరేళ్ల పోస్టు సంగతి విని మా ఫ్రెండ్ కాసేపు ఏమీ మాట్లాడలేదు, వాళ్ల ఊళ్లో కూడా అలాంటి గదే ఒకటుందట. వచ్చే సమావేశాలకు మళ్లీ అడిగిస్తాం. ప్రశ్న ఎలా రాయాలో చెప్తారా? ఎమ్మెల్సీ గారిని కూడా కలుస్తాం.

రిటైర్డ్ సూపరింటెండెంట్, చిత్తూరు

చెబుతానమ్మా. ముందు జిల్లా పేరు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరయింది. అప్పుడు గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి నెల్లూరు నుంచి అందులోకి వచ్చాయి. ఉద్యోగ నియామకాలకు జిల్లాలను జోన్‌లుగా విడదీసిన 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల్లో చిత్తూరు నాలుగో జోన్, నెల్లూరు మూడో జోన్. "చిత్తూరు జిల్లా" అని మాత్రమే రాస్తే తిరుపతి వైపు ఖాళీలు లెక్కలోకి రావు. "తిరుపతి జిల్లా" అని రాస్తే రెండు జోన్‌లు కలిసిపోతాయి. "ఉమ్మడి చిత్తూరు జిల్లా" అని స్పష్టంగా రాయండి.

"వాస్తవమేనా" వద్దు. ఇలా రాసి ఇవ్వండి:

(అ) ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఫలానా తేదీ నాటికి మంజూరైన ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులు ఎన్ని, రెగ్యులర్‌గా పనిచేస్తున్నవారు ఎందరు; (ఆ) ఖాళీలలో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ కింద ఎందరు పనిచేస్తున్నారు, ఎవరూ లేని పోస్టులు ఎన్ని, వాటిలో అన్నిటికన్నా పాతది ఏ తేదీ నుంచి ఖాళీ; (ఇ) భర్తీకి ఆర్థిక శాఖ అనుమతి ఏ తేదీన కోరారు, ఏ తేదీన వచ్చింది; (ఈ) నియామకం చేసే సంస్థకు రోస్టర్ (రిజర్వేషన్ల వరస)తో సహా ఖాళీల వివరాలు ఏ తేదీన పంపారు?

ప్రతి భాగంలో ఒక అంకె గానీ తేదీ గానీ ఉండాలి. అసలు కిటుకు (ఇ), (ఈ)లలోనే ఉంది. ఫైలు ఎక్కడ ఆగిందో తేదీలే చెప్పేస్తాయి. అనుమతే కోరలేదంటే ఇంకా శాఖ దగ్గరే ఉందని అర్థం. కోరి ఏడాదైనా రాలేదంటే ఆర్థిక శాఖలో. అప్పుడు తరవాతి ప్రశ్న ఏ మంత్రికి వేయాలో మీకే తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. ఏ అధికారి పేరూ రాయొద్దు, ఆరోపణ చేయొద్దు, కోర్టులో ఉన్న విషయం ముట్టుకోవద్దు. వాదనలు, ఊహలు ఉన్న ప్రశ్నను అనుమతించరు. కోపం ఉంటే అర్జీలో రాసుకోండి, ప్రశ్నలో వద్దు. ప్రశ్న ఒక కాగితం, అర్జీ ఇంకో కాగితం. పాత జవాబు కాపీ వెనక జత చేయండి, ప్రశ్న నంబరు, తేదీ కనిపించేలా. సమావేశాలు మొదలయ్యాక ఇస్తే ఆలస్యమైపోతుంది. తేదీలు ప్రకటించకముందే ఇచ్చి పెట్టండి.

కొర్లగుంట రూమ్, తిరుపతి

సార్, సమాచార హక్కు దరఖాస్తు ఇవాళే రాశాం, రేపు స్పీడ్ పోస్టులో వేస్తున్నాం. ఆ జవాబు వచ్చాక ప్రశ్న సరిచేసుకుని ఇద్దరి దగ్గరికీ వెళ్తాం. ఇప్పుడు సంతకాలు ఇరవై ఆరు అయ్యాయి. అమ్మకు కూడా ఫోన్ చేసి, ఇంకా రాలేదు, మళ్లీ అడుగుతున్నాం అని చెప్పాను.

రిటైర్డ్ సూపరింటెండెంట్, చిత్తూరు

మంచిదమ్మా. ఇచ్చే ముందు ఆ కాగితం ఫొటో ఇక్కడ పెట్టు. ఫోన్ నంబర్లు, సంతకాలు కనపడకుండా చూసుకో. ఒకసారి చదివి ఎక్కడైనా "వాస్తవమేనా" మిగిలిపోయిందేమో చెబుతాను.