సైకిలును ఢీకొట్టి ఆగకుండా వెళ్లిపోయిన డ్రైవరుపై చట్టప్రకారం ఏ చర్యలుంటాయి?

గార్లదిన్నె వాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా మేనమామ రోజూ తెల్లవారకముందే సైకిలు మీద చీనీ (బత్తాయి) తోటకు కూలి పనికి వెళ్తారు. మా దగ్గర కొంత దూరం 44వ నంబరు జాతీయ రహదారి అంచున వెళ్లక తప్పదు. అలా వెళ్తుండగా గుత్తి వైపు నుంచి అనంతపురం వైపు పోతున్న ఒక పికప్ వాహనం ఆయనను వెనుక నుంచి ఢీకొట్టి, ఆగకుండా వెళ్లిపోయింది. కొంచెం వెనుకగా వస్తున్న మరో కూలీ ఆ బండి తెల్లనిదనీ, పైన టార్పాలిన్ కప్పి ఉందనీ చూశారు గానీ నంబరు పట్టుకోలేకపోయారు. బండి పక్కద్దం విరిగి అక్కడే పడిపోతే పోలీసులు స్వాధీనం చేసుకున్నారు. మామకు తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ జరిగింది, ఇంకా మంచం మీదే ఉన్నారు. గుర్తు తెలియని వాహనం పేరుతో ఎఫ్ఐఆర్ నమోదైంది.

ఈ మధ్య ఊళ్లో పెద్దమనిషిగా నలుగురికీ తెలిసిన ఒకాయన మా ఇంటికి వచ్చి, బండి యజమాని పేరు చెప్పకుండానే, ఆసుపత్రి ఖర్చు ఇప్పిస్తాననీ, కేసు వాపసు తీసుకోమనీ అడిగారు. జనం కొడతారన్న భయంతోనే డ్రైవరు ఆగలేదనీ, సైకిలుకు లైటు లేదు కాబట్టి తప్పు మా మామదేననీ కూడా అన్నారు. కొత్త చట్టంలో పారిపోయినవాడికి పదేళ్ల జైలు ఉందని కొందరు, ఏ శిక్షా పడదని మరికొందరు అంటున్నారు. వీటిలో ఏది నిజమో, మేము ఏం చేయాలో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

కర్నూలు న్యాయవాది:

మీ మామగారు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను. మీ ప్రశ్నలో రెండు వేర్వేరు నేరాలు కలిసిపోయి ఉన్నాయి. నిర్లక్ష్యంగా నడిపి మనిషిని గాయపరచడం ఒకటి. గాయపడిన మనిషిని అక్కడే వదిలి వెళ్లిపోవడం రెండవది. మొదటిదానిలో డ్రైవరు తప్పును నిరూపించాలి. రెండవదానిలో ప్రమాదం ఎవరి తప్పు వల్ల జరిగిందన్న విచారణతో పనే లేదు, ఎందుకంటే మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ పెట్టిన బాధ్యత తప్పు చేసిన డ్రైవరుకు మాత్రమే కాదు, తన వాహనం వల్ల మనిషికి గాయమైన ప్రతి డ్రైవరుకూ వర్తిస్తుంది. గాయపడినవారిని దగ్గరలోని వైద్యుని వద్దకో ఆసుపత్రికో చేర్చేందుకు చేయగలిగిందంతా చేయాలనీ, అక్కడ పోలీసు అధికారి లేకపోతే వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటలలోపు, దగ్గరి పోలీసు స్టేషనులో జరిగినది చెప్పాలనీ, బీమా సంస్థకూ తెలియజేయాలనీ ఆ సెక్షన్ చెబుతుంది. కాబట్టి సైకిలుకు లైటు లేదన్న వాదన, అది నిజమే అయినా, పారిపోవడాన్ని సమర్థించదు.

జనం ఆగ్రహం గురించి కూడా చట్టంలోనే ఉంది. అటువంటి కారణం చేతనో, తన అదుపులో లేని మరో కారణం చేతనో ఆసుపత్రికి చేర్చలేకపోతే ఆ మేరకు డ్రైవరుకు మినహాయింపు ఇచ్చారు. అయితే ఆ మినహాయింపు అక్కడితో ఆగిపోతుంది. ఎందుకు చేర్చలేకపోయాడో ఆ కారణాన్నే స్టేషనుకు వెళ్లి చెప్పవలసిన బాధ్యత అలాగే ఉంటుంది. తెల్లవారకముందు, ఒక్క కూలీ తప్ప మనిషి లేని రోడ్డు మీద జనానికి భయపడ్డానని చెప్పడం ఎంతవరకు నిలుస్తుందో మీరే ఆలోచించండి. ఒకవేళ నిలిచినా, ఆ తర్వాత 24 గంటలూ ఏ స్టేషనుకూ ఎందుకు వెళ్లలేదో డ్రైవరు చెప్పవలసే ఉంటుంది.

ఇక శిక్షల విషయం. ఎముక విరగడం, పాత శిక్షా స్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారం, తీవ్ర గాయం కిందికి వస్తుంది. నిర్లక్ష్యంతో తీవ్ర గాయం కలిగించినందుకు 125(బి) కింద మూడేళ్ల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. రోడ్డు మీద ప్రమాదకరంగా నడిపినందుకు 281 కింద ఆరు నెలల వరకు జైలు లేదా 1,000 రూపాయల వరకు జరిమానా ఉంటుంది. 134వ సెక్షన్‌ను ఉల్లంఘించినందుకు మోటారు వాహనాల చట్టంలోని 187వ సెక్షన్ కింద విడిగా ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 జరిమానా, లేదా రెండూ. ఇదే నేరం మళ్లీ చేస్తే ఏడాది, 10,000. 2019 సవరణకు ముందు మొదటిసారి పారిపోయినందుకు జరిమానా 500 రూపాయలు మాత్రమే ఉండేది. ఈ 187ను ఎఫ్ఐఆర్‌లో చేర్చారో లేదో తప్పక చూసుకోండి, చేర్చకపోతే రాతపూర్వకంగా కోరండి. 134 కింద నేరం రుజువైతే కనీసం ఒక నెలపాటు లైసెన్సుకు అనర్హుడిగా ప్రకటించడం కోర్టుకు తప్పనిసరి అని అదే చట్టంలోని 20వ సెక్షన్ చెబుతోంది. బండి నడిపి బతికేవారు జరిమానా కంటే దీనికే ఎక్కువ భయపడతారు.

పదేళ్ల శిక్ష అన్నది పూర్తిగా పుకారు కాదు. న్యాయ సంహిత 106(2)లో, నిర్లక్ష్యంగా నడిపి ఒకరి మరణానికి కారణమై, పోలీసులకో మెజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్ల వరకు జైలు అని రాశారు. 2024 జనవరి మొదట్లో లారీ డ్రైవర్లు దేశమంతటా ఆందోళనకు దిగడంతో, సంహిత 2024 జూలై 1 నుంచి అమలవుతుందని ఫిబ్రవరిలో ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఆ ఒక్క ఉపసెక్షన్‌ను మినహాయించారు. పైగా అది మరణం సంభవించిన కేసులకే తప్ప గాయాల కేసులకు వర్తించేది కాదు. మరణం జరిగితే 106(1) కింద ఐదేళ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయి. పాత శిక్షా స్మృతిలో ఇది రెండేళ్లే.

నా అభిప్రాయం దాచుకోను. నెత్తురోడుతున్న మనిషిని చీకట్లో వదిలి వెళ్లడానికి ఆరు నెలల గరిష్ఠ శిక్ష చాలా తక్కువ. వెంటనే ఆసుపత్రికి చేరితే బతికే మనిషి, ఎవరూ చూడక ప్రాణం కోల్పోవచ్చు. తాగి నడిపినవాడికైతే పారిపోవడం లాభంగా కూడా మారుతుంది, ఎందుకంటే గంటలు గడిచాక పట్టుబడితే శ్వాస పరీక్షలో ఏమీ తేలదు. అంతమాత్రాన ఏ శిక్షా పడదన్న మాటను నమ్మి ఊరుకోకండి. పోలీసులు అన్ని సెక్షన్లూ చేర్చి సాక్ష్యం సరిగా సేకరిస్తే ఈ కేసు నిలబడుతుంది.

కడప విశ్రాంత పోలీసు అధికారి:

న్యాయవాది గారు చట్టం చెప్పారు. దర్యాప్తు గురించి నేను కొంత చెబుతాను. మీ కేసులో వాహనాన్ని కనుక్కోవడం అసాధ్యమేమీ కాదు. గుత్తి దగ్గర కాసేపల్లిలో ఒక టోల్ ప్లాజా ఉంది, అనంతపురం దాటాక మరూరులో మరొకటి ఉంది. ప్రమాదం ఈ రెండింటి మధ్య జరిగింది. కాబట్టి ఆ వేళకు కాసేపల్లి దాటిన తెల్ల పికప్పులు ఏవి, వాటిలో మరూరు చేరినవి ఏవి, మధ్యలో అనంతపురంలోనో మరో ఊళ్లోనో ఆగిపోయినవి ఏవి అన్నది ఫాస్టాగ్ వివరాలను, కెమెరా దృశ్యాలను పోల్చితే తేలుతుంది. పక్కద్దం లేని బండి మరూరు కెమెరాలో కనిపిస్తే అంతకంటే మంచి ఆధారం అక్కర్లేదు. అయితే కెమెరా దృశ్యాలు ఎక్కువ కాలం నిల్వ ఉండవు. దారి పక్క పెట్రోలు బంకుల్లో, హోటళ్లలో, దాబాల్లో ఉన్నవి ఇంకా త్వరగా చెరిగిపోతాయి. కనుక ఏయే చోట్ల కెమెరాలు ఉన్నాయో మీరే ఒకసారి తిరిగి చూసి, ఆ చోట్లన్నీ పేర్కొంటూ దర్యాప్తు అధికారికి ఈ రోజే అర్జీ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

సైకిలును బాగు చేయించకండి, పాత ఇనుముకు అమ్మకండి. స్టేషనులో లేకపోతే వెంటనే అప్పగించండి. దాని మీద అంటిన రంగు, మడ్‌గార్డు వంగిన తీరు, దెబ్బ తగిలిన ఎత్తు, ఇవన్నీ తర్వాత దొరికిన బండితో సరిపోల్చేటప్పుడు పనికొస్తాయి. వెనుక నుంచి తగిలిందన్న మీ మాటను నిలబెట్టేది కూడా ఆ సైకిలే.

ఇప్పుడు ఆ పెద్దమనిషి సంగతి. ఆయన మీ ఇంటికి వచ్చారంటే బండి ఎవరిదో ఆయనకు తెలుసు. ఆయన ఎప్పుడు వచ్చారు, ఏమన్నారు, ఎవరెవరు విన్నారు అన్నది రాసి దర్యాప్తు అధికారికి ఇవ్వండి. పిలిచి విచారించే అధికారం అధికారికి ఉంటుంది. బండి యజమాని ఎవరో తెలిసిన తర్వాత, ఆ సమయంలో నడిపినవారి పేరు, చిరునామా, లైసెన్సు వివరాలు అడిగితే చెప్పడం మోటారు వాహనాల చట్టం 133వ సెక్షన్ ప్రకారం యజమాని విధి. చెప్పకపోతే అదే నేరం. నడిపినవాడికి బదులు లైసెన్సు ఉన్న ఇంకొకరిని తెచ్చి నిలబెట్టే పద్ధతి మన జిల్లాల్లో కొత్తేమీ కాదు. అందువల్ల ఆ కూలీ డ్రైవరును ఏ మాత్రం చూసినా, చిన్న వివరమైనా సరే, ఇప్పుడే ఆయన వాంగ్మూలంలో చేరేలా చూడండి.

ప్రొద్దుటూరు లారీ యజమాని:

గాయపడిన పెద్దాయన పట్ల నాకు పూర్తి సానుభూతి ఉంది. కానీ జనం కొడతారన్న భయాన్ని ఒట్టి సాకుగా తీసివేయడం న్యాయం కాదు. తప్పు ఎవరిదో తెలుసుకోకుండానే డ్రైవరును రోడ్డు మీదకు లాగి కొట్టిన సంఘటనలు మా వృత్తిలో ఉన్నవారందరికీ తెలుసు. అందుకే నా డ్రైవర్లకు నేను చెప్పే మాట ఒకటే: ఆగగలిగిన చోట ఆగి 108కి ఫోన్ చేయాలి, ఆగితే ప్రాణాపాయం అనిపిస్తే కదులుతూనే 112కి చెప్పి, బండిని నేరుగా మొదట కనిపించిన పోలీసు స్టేషనులో పెట్టాలి. థర్డ్ పార్టీ బీమా ఉన్నప్పుడు నష్టపరిహారం బీమా సంస్థే చెల్లిస్తుంది. దాచిపెట్టిన యజమాని మాత్రం ఆ రక్షణను కూడా చిక్కుల్లో పడేసుకుంటాడు. మీ కేసులో ఆ యజమాని మధ్యవర్తిని పంపే బదులు బండిని స్టేషనుకు పంపి ఉండాల్సింది.

గార్లదిన్నె వాసి:

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టు కెమెరాల గురించి, ఆ పెద్దమనిషి మాటల గురించి అర్జీ ఇచ్చాము. మధ్యవర్తి నుంచి డబ్బు తీసుకోవద్దని మా అత్త గట్టిగా చెప్పింది. కానీ మామ కూలి మీదే ఇల్లు గడుస్తోంది. వాహనం చివరికి దొరకకపోతే మాకు ఏమీ రాదా? దొరికితే ఎంత కాలం పడుతుంది?

కర్నూలు న్యాయవాది:

మీ అత్తగారు సరైన నిర్ణయం తీసుకున్నారు. ఎఫ్ఐఆర్‌ను ఫిర్యాదుదారు స్టేషనుకు వెళ్లి వాపసు తీసుకోవడం అనేది చట్టంలో లేదు. గాయాల కేసులో రాజీ పడే హక్కు మీ మామగారిది, అదీ కోర్టు ముందు జరగాలి. మరణం జరిగిన కేసులో ఆ అవకాశం కూడా ఉండదు. ఇంట్లో చేతులు మారిన డబ్బుకు లెక్క ఉండదు, అది మీ మామగారి భవిష్యత్తుకు సరిపోదు కూడా.

వాహనం దొరకకపోయినా పరిహారానికి ఒక దారి ఉంది. మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ కింద 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న పథకం ప్రకారం, గుర్తు తెలియని వాహనం వల్ల మరణం సంభవిస్తే రెండు లక్షలు, తీవ్ర గాయమైతే 50,000 రూపాయలు ఇస్తారు. అంతకుముందు ఇవి 25,000, 12,500 మాత్రమే. రెవెన్యూ డివిజన్ స్థాయిలోని విచారణాధికారికి దరఖాస్తు పెట్టాలి. ఆ అధికారి నివేదికపై మంజూరు చేసేది కలెక్టరు. ఈ పథకం ఉందని తెలియకనే చాలామంది అడగలేదు. అందుకే 2024 జనవరిలో సుప్రీంకోర్టు, కేసు నమోదైన నెల రోజులలోపు వాహనం వివరాలు తేలకపోతే ఈ పరిహారం కోరవచ్చని బాధితులకు రాతపూర్వకంగా చెప్పాలని పోలీసులను ఆదేశించింది. మీకు అటువంటి లేఖ రాకపోతే ఈ ఆదేశాన్ని చూపి అడగండి. తర్వాత వాహనం దొరికి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ పరిహారం ఇస్తే, ఈ మొత్తాన్ని అందులోంచి తిరిగి చెల్లించాల్సి ఉంటుంది.

వాహనం దొరికితే అనంతపురంలోని మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో 166వ సెక్షన్ కింద దావా వేయండి. ప్రమాదం జరిగిన ఆరు నెలలలోపు వేయాలని సెక్షన్‌లో ఉంది కాబట్టి చార్జిషీటు కోసం ఆగవద్దు. వైద్య ఖర్చులు, పోయిన కూలి, ముందు ముందు పని చేయలేకపోవడం, అన్నీ ఇందులో లెక్కకు వస్తాయి. సైకిలుకు లైటు లేదన్న వాదనను బీమా సంస్థ తప్పక తెస్తుంది; ట్రిబ్యునల్ దాన్ని అంగీకరించినా పరిహారంలో కొంత భాగం తగ్గవచ్చు గానీ దావా పోదు. తప్పు ఎవరిదో నిరూపించకుండానే తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు ఇచ్చే 164వ సెక్షన్ కూడా ఉంది. ఏది మేలో మీ మామగారి వైకల్యం ఎంతో తేలాక నిర్ణయించుకోవచ్చు. ఎంత కాలం పడుతుందో ముందుగా చెప్పలేను, అది కోర్టును బట్టి, సాక్షులను బట్టి మారుతుంది.

ఫీజు గురించి దిగులు పడకండి. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ ఆదాయం తక్కువగా ఉన్నవారికి న్యాయవాదిని ఉచితంగా ఇస్తుంది. వెళ్లేటప్పుడు ఎఫ్ఐఆర్ నకలు, గాయాల సర్టిఫికెట్, డిశ్చార్జి కాగితం, మందుల బిల్లులు, మీ మామగారి రోజు కూలి ఎంతో చెప్పగల తోట యజమాని పేరు తీసుకువెళ్లండి. ఎముక అతుక్కున్న తర్వాత కాలు పొట్టిగా ఉన్నా, మోకాలు పూర్తిగా వంగకపోయినా ప్రభుత్వ వైద్య మండలి నుంచి వైకల్య ధ్రువపత్రం తీసుకోవడం మరవకండి.