‘మిశ్రమ ఆదాయ అద్దె గృహాలు’ ఎవరికి అర్థమవుతుంది?

అందరికీ నమస్కారం. ఒక అనువాదం చేస్తూ ‘మిక్స్‌డ్ ఇన్‌కమ్ రెంటల్ హౌసింగ్’ దగ్గర ఆగిపోయాను. విషయం అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం, మాంట్‌గోమరీ కౌంటీది (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది). అపార్ట్‌మెంట్లు కట్టడానికి తక్కువ వడ్డీకి అప్పిచ్చే నిధిని ఆ కౌంటీ ప్రభుత్వం 2021లో పెట్టింది. ఆ డబ్బుతో ముందుగా లేచిన భవనంలో 268 ఫ్లాట్లు. వాటిలో 30 శాతం ఫ్లాట్లు తక్కువ రాబడి ఉన్నవాళ్లకు తక్కువ అద్దెకి, మిగతావి మార్కెట్ అద్దెకి.

‘మిశ్రమ ఆదాయ అద్దె గృహాలు’ అని రాసి మా అమ్మకు చదివి వినిపించాను. ‘‘అంటే జీతం, వడ్డీలు రెండూ వచ్చేవాళ్ల ఇళ్లా?’’ అంది. అమ్మది తప్పు కాదు. ‘మిశ్రమ’ వెళ్లి పక్కనున్న ‘ఆదాయం’ని పట్టుకుంది. కలిసి ఉండే మనుషులు మాటలో ఎక్కడా కనిపించరు.

నాకు ‘ఆదాయం’ అనే మాటే వద్దనిపిస్తోంది. మేం విశాఖలో ఎంవీపీ కాలనీలో అద్దెకుంటాం. ఇక్కడ చాలా ఇళ్ల నంబర్ల ముందు ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ అని ఉంటుంది. తక్కువ రాబడి, మధ్యతరగతి, ఎక్కువ రాబడి అని వుడా (విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ) వాళ్లు లేఅవుట్ వేసినప్పటి విభజన అది. తర్వాత ఇళ్లు చేతులు మారాయి, మేడలు లేచాయి, గేటు మీద ఆ మూడక్షరాలు మాత్రం అలాగే ఉన్నాయి. డెలివరీ కుర్రాడు ఫోన్ చేసి ‘‘ఎల్ఐజీనా, ఎంఐజీనా మేడమ్?’’ అంటాడు. పాపం, అడ్రస్ కోసమే అడుగుతాడు. కానీ ఆ ప్రశ్నకి అసలు అర్థం మీ రాబడి ఎంత అనే కదా! ఎవరి రాబడి ఎంతో గుమ్మం దగ్గర తెలియకూడదనే కట్టే ఇళ్లకి మళ్లీ పేరులోనే ఆ మాట తగిలిస్తామా?

అందుకని ‘కలగలుపు అద్దె ఇళ్లు’ అనుకుంటున్నాను. ‘మిశ్రమం’ అంటే దేనికదిగా తెలియకుండా కరిగిపోయినట్టు ఉంటుంది. కలగలుపు కూరలో వంకాయ వంకాయలాగే, చిక్కుడు చిక్కుడులాగే ఉంటాయి, గిన్నె ఒక్కటే.

కర్నూలు సభ్యురాలు: ‘కలగలుపు’ బాగుందండీ. మా వైపు ‘అద్దె’ కన్నా ‘బాడుగ’ ఎక్కువ వినపడుతుంది, అది సంస్కృతం ‘భాటకం’ నుంచి వచ్చింది. అద్దె అన్నా అర్థమవుతుంది లెండి. నా సందేహం వేరే. ‘ప్రభుత్వ నిధి’ అంటే జనం సబ్సిడీ అనుకోరా?

వరంగల్ సభ్యుడు: మాకైతే కిరాయి ఇల్లే. మీ ఆంధ్రా పేపర్లలో ‘కిరాయి’ హంతకుల పక్కనే కనిపిస్తుంది, చదివినప్పుడల్లా బాధేస్తుంది.

నేను: కర్నూలు అక్కా, మీ సందేహం నిజమే. అది ఊరికే ఇచ్చేసే డబ్బు కాదు. కట్టడం అయ్యి జనం చేరాక, దీర్ఘకాలిక అప్పు తెచ్చి ఈ అప్పు తీర్చేస్తారు. వెనక్కొచ్చిన డబ్బు ఇంకో భవనానికి వెళ్తుంది. ఆంధ్రాలో దీనికి కొత్త మాట పుట్టించక్కర్లేదు. డ్వాక్రా సంఘాల్లో ‘రివాల్వింగ్ ఫండ్’ అంటే చదువురాని ఆవిడ కూడా చెబుతుంది. గాజువాకలో మా పెద్దమ్మ అయితే ‘‘డబ్బు రొటేషన్‌లో ఉంది’’ అంటుంది. ‘చక్రీయ నిధి’ అని రాసుకున్నది కొట్టేసి ‘రొటేషన్ నిధి’ అని పెట్టాను.

వరంగల్ అన్నయ్యా, మీరన్నది ఒప్పుకుంటాను. మా ‘అద్దె’కీ మర్యాద ఏమీ దక్కలేదు. ‘‘ఇంకా అద్దె కొంపలోనేనా?’’ అని చుట్టాలు అడిగినప్పుడు ఆ ‘కొంప’ గుచ్చుకుంటుంది. సొంతిల్లు ఎంత చిన్నదైనా దాన్ని ‘ఇల్లు’ అంటారు. అందుకే అనువాదంలో ‘గృహాలు’ తీసేసి అన్నిచోట్లా ‘ఇళ్లు’ అనే రాశాను.

ఇంకొకటి మిగిలింది. ‘మార్కెట్ అద్దె’ని ప్రస్తుతానికి అలాగే ఉంచాను. ఇక్కడ మాటల్లో ‘బయటి రేటు’ అంటాం. పుస్తకంలో అలా రాస్తే మీ ఊళ్లలో అర్థమవుతుందా?