మణిపూర్ మైరా పైబీలు: శాంతి కోసమా, తమ వాళ్ల కోసమా?

కృష్ణవేణి_నెల్లూరు
నిన్న మా కాలనీ గ్రూపులో ఎవరో మణిపూర్ పాత వీడియో ఒకటి పెట్టారు. ఫనేక్ (లుంగీలాంటి మణిపురి బట్ట) కట్టుకున్న పెద్దావిడలు రోడ్డుకి అడ్డంగా కూర్చుంటే ఆర్మీ లారీలు ఆగిపోయి ఉన్నాయి. కింద కామెంట్లు చదివితే కడుపు మండింది. వీళ్లెవరో ఒక్క ముక్క తెలీకుండా ‘ఉగ్రవాదుల అమ్మమ్మలు’ అని రాసేశారు.

1970లలో ఇంఫాల్ లోయలో సారా అమ్మేవాళ్ల మీద తిరగబడ్డ ఆడవాళ్లు వీళ్లు. 1980 నుంచి మైరా పైబీలయ్యారు, అంటే కాగడాలు పట్టినవాళ్లు. రాత్రిపూట కాగడాలు పట్టుకుని పేటపేటకీ కాపలా కాశారు, తమ కుర్రాళ్లని బలగాలు ఎత్తుకుపోకుండా. జీపు వచ్చిందంటే చాలు, ఒకావిడ రాయి తీసుకుని కరెంటు స్తంభం మీద టంగుటంగున కొడుతుంది. పక్క వీధిలో ఇంకో స్తంభం మోగుతుంది. అయిదు నిమిషాల్లో పేటంతా రోడ్డు మీద ఉంటుంది.

2004 జూలైలో మనోరమ అనే అమ్మాయిని అస్సాం రైఫిల్స్ (కేంద్ర పారామిలిటరీ దళం) వాళ్లు రాత్రి ఇంట్లోంచి తీసుకెళ్లారు. మర్నాడు శవం దొరికింది. నాలుగు రోజులకి పన్నెండు మంది తల్లులు, అస్సాం రైఫిల్స్ మకాం ఉన్న ఇంఫాల్ కాంగ్లా కోట గేటు ముందు బట్టలు విప్పి నిలబడ్డారు. ఆ నవంబరులో అస్సాం రైఫిల్స్ కోట ఖాళీ చేసింది. ఇది శాంతి ఉద్యమం కాకపోతే మరేమిటి? మీ అభిప్రాయాలు రాయండి. తిట్లు వద్దు.

బెజవాడ_బుల్లోడు
తిట్లు వద్దన్నారంటే వస్తాయని మీకూ తెలుసన్నమాట మేడం. కూర్చున్నా.

రిటైర్డ్_హవల్దార్
మేడం, 2004 దగ్గర ఆపేశారేం? 2023 జూన్ 24కి రండి. ఇంఫాల్ తూర్పు జిల్లా, ఇథం గ్రామం. ఆర్మీ పన్నెండు మంది కేవైకేఎల్ (మైతేయిల సాయుధ సంఘం) మిలిటెంట్లని ఆయుధాలతో పట్టుకుంది. 1200 నుంచి 1500 మంది జనం చుట్టుముట్టారు, ముందు వరసలో ఆడవాళ్లు. కాల్పులు జరిపితే ఆడవాళ్ల ప్రాణాలు పోతాయని ఆ పన్నెండు మందినీ వదిలేసి వచ్చారు. వాళ్లలో ఒకడు 2015 చందేల్ దాడికి సూత్రధారి అని ఆర్మీయే చెప్పింది. ఆ దాడిలో 6 డోగ్రా బెటాలియన్ జవాన్లు 18 మంది చనిపోయారు.

నేను ఆ రాష్ట్రంలో పనిచేశాను. ఏ ఊరో, ఏ సంఘమో చెప్పను. మా బండిని ఇలాగే ఆపారు. లోపల కాలికి దెబ్బ తగిలిన కుర్రాడున్నాడు, రక్తం ఆగట్లేదు. తలుపు తీసి చూపించాం. ‘ముందు మా వాణ్ణి వదలండి’ అన్నారు. మా దగ్గర వాళ్ల వాడెవడూ లేడు. బతిమాలి బతిమాలి దాటేసరికి చాలా సేపైంది. కాలు దక్కలేదు.

మీది ఒక్కటే ప్రశ్న, నాదీ ఒక్కటే. ఇథంలో జరిగింది శాంతేనా?

చిన్ని
🙏 హవల్దార్ గారికి.

కృష్ణవేణి_నెల్లూరు
ఆ అబ్బాయి కాలు పోయినందుకు బాధగానే ఉందండీ. కానీ పేరు చెప్పని ఊరిలో పేరు చెప్పని ఆడవాళ్లు చేసినదానికి మైరా పైబీలందరినీ బోనులో నిలబెడతారా? ఇథంలో ఉన్నవాళ్లంతా మైరా పైబీలే అని మీకెవరు చెప్పారు?

నేను సారా ఉద్యమంలో తిరిగినదాన్ని. 1992లో దూబగుంట రోసమ్మ పేరు జిల్లా అంతా మోగుతున్నప్పుడు నాకు డిగ్రీ కూడా అవలేదు. మా ఊళ్లో మేం సారా ప్యాకెట్ల బండి ఆపితే మా మీదే కేసు పెట్టారు. ‘రోడ్డుకి అడ్డం కూర్చున్నారు’ అని. అచ్చం మీరన్న మాటే! 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చాక అదే అడ్డం కూర్చోవడాన్ని అందరూ పొగిడారు. అందుకని రోడ్డు ఆపారు అంటే నాకు భయం వెయ్యదు.

రిటైర్డ్_హవల్దార్
సారా ప్యాకెట్టూ ఏకే-47 ఒకటేనా మేడం? ఇథం సంగతి చెప్పలేదు.

గుంటూరు_నాన్న
మా వాడు 2023 మేలో ఇంఫాల్‌లో చదువుతున్నాడు. కాలేజీ పేరెందుకులెండి. మే 3న గొడవలు మొదలయ్యాయి, నెట్ ఆపేశారు, నాలుగైదు రోజులు మాకు నిద్ర లేదు. తర్వాత మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ ప్రత్యేక విమానాలు పెట్టి పిల్లల్ని తెచ్చాయి.

వాడు చెప్పింది ఇది. హాస్టల్ సందు మొదట్లో రాత్రంతా ఆడవాళ్లు కూర్చునేవాళ్లట. మధ్యలో నిప్పు, పక్కన వెదురు కర్రలు. తెలుగు పిల్లల్ని చూసి ‘భయపడకండి, లోపలికి పొండి’ అనేవాళ్లట. వాళ్లుండబట్టే ధైర్యంగా పడుకున్నాం నాన్నా అన్నాడు. వాడి పక్క గది కుర్రాడు కుకీ. మొదటి రోజు సాయంత్రమే వాళ్ల వాళ్లెవరో వచ్చి తీసుకెళ్లిపోయారు. అదే సందు, అదే కాపలా. ఆ అబ్బాయికి ఎలా అనిపించి ఉంటుందో మా వాడు చెప్పలేకపోయాడు.

పీజీ_హైదరాబాద్
గుంటూరు సార్ రాసిందే అసలు విషయం. మీరిద్దరూ ఆర్మీ, మైరా పైబీలు అంటూ రెండు ముక్కలే ఆడుతున్నారు. 2023లో తగువు లోయలోని మైతేయిలకీ (మైరా పైబీలు వీళ్లే) కొండల్లోని కుకీ తెగలకీ మధ్య. మైతేయిలకి ఎస్టీ హోదా గురించి హైకోర్టు ఉత్తర్వు, దానికి వ్యతిరేకంగా కొండ జిల్లాల్లో ర్యాలీ, అక్కణ్ణుంచి మంటలు. 60 వేల మంది దాకా ఇళ్లు వదిలారు. ఒక్క జాతి ఆడవాళ్లు తమ పేట చుట్టూ కాపలా కాస్తే దాన్ని కాపలా అనొచ్చు. శాంతి ఉద్యమం అనాలంటే అవతలి జాతి తల్లితో కూడా మాట్లాడాలి కదా.

పక్కనే నాగాలాండ్‌లో నాగా మదర్స్ అనే తల్లుల సంఘం ఉంది, 1984 నుంచి. 90లలో వాళ్ల నినాదం ‘ఇక రక్తం చిందించకండి’. అది ఒక్క ఆర్మీకే చెప్పలేదు. నాగా వర్గాలు ఒకళ్లనొకళ్లు చంపుకుంటుంటే అండర్‌గ్రౌండ్ నాయకుల దగ్గరికి వెళ్లి, సొంత మగవాళ్లకి చెప్పారు. తేడా అక్కడుంది. (అంత చేసిన ఆడవాళ్లకి మునిసిపల్ సీట్లలో 33 శాతం ఇస్తామంటే 2017లో నాగా మగ సంఘాలు ఎంత గొడవ చేశాయో వేరే కథ.)

2023 జూన్ 30న మణిపూర్ ముఖ్యమంత్రి రాజీనామా చెయ్యబోతే ఇంటి ముందు చేరిన ఆడవాళ్లు ఆ కాగితం లాక్కుని చింపేశారు. ‘ఈయన మాకు వద్దు మొర్రో’ అని కుకీలు మొత్తుకున్న ముఖ్యమంత్రి ఆయన. దీన్నేమంటారు మేడం?

కృష్ణవేణి_నెల్లూరు
సొంత మగవాళ్లకి చెప్పలేదా? ఇద్దరు కుకీ ఆడవాళ్లని మే 4న నగ్నంగా ఊరేగించిన వీడియో జూలై 19న బయటికొచ్చింది. మర్నాడే ప్రధాన నిందితుడి ఇంటిని తగలబెట్టింది ఎవరు? మైరా పైబీలే. మైతేయి ఊళ్లో, మైతేయివాడి ఇంటిని.

పీజీ_హైదరాబాద్
ఇల్లు తగలబెట్టడం శాంతా?? పైగా మే 4కీ జూలై 20కీ మధ్య రెండున్నర నెలలు. ఆ ఇద్దరి తరఫున మే 18నే ఎఫ్ఐఆర్ ఉంది. స్తంభం మీద రాయి ఎందుకు మోగలేదు?

సైలెంట్_రీడర్
ఇరోమ్ షర్మిల గురించి ఎవరూ ఎత్తలేదేం? బలగాలకి ప్రత్యేకాధికారాలిచ్చే ఏఎఫ్ఎస్‌పీఏ చట్టాన్ని ఎత్తెయ్యమని 2000 నుంచి 2016 దాకా నిరాహార దీక్ష.

బెజవాడ_బుల్లోడు
ఆవిడకి 2017 ఎలక్షన్‌లో 90 ఓట్లు వచ్చాయి బ్రదర్. శాంతికి మార్కెట్ అంతే.

రిటైర్డ్_హవల్దార్
ఇథం.

కృష్ణవేణి_నెల్లూరు
ఏమిటండీ ఇథం ఇథం అని! సుప్రీంకోర్టులో 1528 హత్యల పిటిషన్ ఉంది తెలుసా మీకు? అన్నీ బూటకపు ఎన్‌కౌంటర్లని. 2012లో వేసినవాళ్లలో చనిపోయినవాళ్ల భార్యలున్నారు, తల్లులున్నారు. రోడ్డెక్కలేదు, ఇళ్లు కాల్చలేదు, కాగితాలు పట్టుకుని కోర్టుకెళ్లారు. వాళ్లకి మీ డిపార్ట్‌మెంటు ఏం సమాధానం చెప్పింది? యూనిఫాం వేసుకున్నవాడు పట్టుకెళ్తే మనిషి తిరిగి రాడని ఒక తరం తల్లులకి నేర్పింది ఎవరు? ఆ తల్లులు 2023లో లారీ చూడగానే లేచి పువ్వులు జల్లాలా?

రిటైర్డ్_హవల్దార్
ఇప్పుడు బయటపడ్డారు. మీకు మైరా పైబీల మీద ప్రేమ కాదు, యూనిఫాం మీద కసి. 2004 ఫొటోలో ఆ బ్యానరు ఉంది కదా, సైన్యాన్ని ‘మమ్మల్ని రేప్ చెయ్యండి’ అని పిలుస్తూ. ఇంగ్లీషులో, పెద్ద అక్షరాల్లో. మా అమ్మాయి ఎనిమిదో క్లాసులో ఉండగా అది నెట్‌లో చూసి నన్ను అడిగింది, నాన్నా నువ్వు అక్కడే కదా ఉన్నావు అని. నేనేం చెప్పను? మనోరమని చంపినవాళ్లకి శిక్ష పడాలని నేనూ అంటాను. కానీ అక్కడ పనిచేసిన ప్రతివాణ్ణీ మీరు ఆ బ్యానరు కింద నిలబెట్టారు. వేరే ఊళ్లో ఎవరో చేసినదానికి మైరా పైబీలందరినీ బోనెక్కించకండి అని పైన రాశారు. ఆ న్యాయం మాకు లేదా?

చిన్ని
మేడం, దీనికి జవాబు ఇవ్వాలి మీరు.

కృష్ణవేణి_నెల్లూరు
ఇస్తాను. మైరా పైబీ సంఘానికి ఏఎఫ్ఎస్‌పీఏ లాంటి చట్టం రక్షణగా లేదు. వాళ్ల మీద కేసు పెట్టడానికి కేంద్రం అనుమతి అక్కర్లేదు. మీ అమ్మాయి ప్రశ్నకి బాధ్యత ఆ పన్నెండు మంది తల్లులది కాదు, నేరం చేసినవాణ్ణి కోర్టు దాకా రానివ్వనివాళ్లది.

ఇక ఇథం. పదిసార్లు అడిగారు కాబట్టి చెప్తున్నా. నేను ఆ ఊళ్లో పుట్టి ఉంటే ఆ రోడ్డు మీద నేనూ కూర్చునేదాన్ని. కొండ మీంచి తుపాకులు పేలుతుంటే, మా పేటకి కాపలా ఉన్నది ఆ కుర్రాళ్లే అని నమ్మితే, కూర్చునేదాన్నే. శాంతి అనిపించుకోవాలంటే ముందు నీ పిల్లల్ని అప్పగించి రమ్మని ఆడవాళ్లనే అడుగుతారు. మగ సంఘాల్ని ఎవరూ అడగరు.

పీజీ_హైదరాబాద్
ఇది నిజాయితీగా ఉంది మేడం. కానీ అదే లెక్కన కాంగ్‌పోక్పీలో హైవే మీద కూర్చున్న కుకీ ఆడవాళ్లది కూడా శాంతి ఉద్యమమే అవ్వాలి. వాళ్లూ తల్లులే, వాళ్లూ తమ పిల్లల కోసమే. మీ మొదటి పోస్టులో వాళ్లు లేరు. ఇద్దరిదీ శాంతే అయితే ఆ రెండు రోడ్ల మధ్య బఫర్ జోన్ (రెండు వర్గాల్నీ విడదీస్తూ బలగాలు కాపలా కాసే జాగా) ఎందుకు పెట్టాల్సి వచ్చింది?

రిటైర్డ్_హవల్దార్
ఆ 18 మంది జవాన్లకీ అమ్మలున్నారు. వాళ్ల లెక్క ఈ థ్రెడ్‌లో ఎవరూ తియ్యలేదు.

సైలెంట్_రీడర్
గుంటూరు సార్, ఆ కుకీ కుర్రాడు ఏమయ్యాడు?

గుంటూరు_నాన్న
ఇందాకే మా వాడికి ఫోన్ చేశాను. చదువు ఎలాగో వేరే రాష్ట్రంలో పూర్తి చేశాడట. వాళ్ల ఇల్లు కుకీల జిల్లా చురాచాంద్‌పూర్‌లో. ఇంఫాల్ ఎయిర్‌పోర్టు అక్కడికి రెండు గంటల దూరం కూడా ఉండదు, కానీ అది మైతేయిల వైపు ఉంది, అందులో దిగలేడు. పక్క రాష్ట్రం మిజోరంలోని ఐజ్వాల్‌లో దిగి కొండదారిలో ఒక పగలు, సగం రాత్రి ప్రయాణం చేసి వెళ్తాడట.

పీజీ_హైదరాబాద్
ఆ ఎయిర్‌పోర్టు రోడ్డు మీద అతన్ని దాటించడానికి కాగడా పట్టుకుని ఎవరైనా నిలబడితే, మేడం, మీ మొదటి పోస్టు కింద నేను సంతకం పెడతా.

కృష్ణవేణి_నెల్లూరు
మైతేయి అమ్మాయి చురాచాంద్‌పూర్ వెళ్లాలంటే ఎవరు నిలబడతారు? అదీ రాయండి ముందు.