లీనియర్ ఫంక్షనల్స్ లబ్ధం నార్మ్: 6 వెక్టర్ల దగ్గర ఆగిపోయాను, సాయం చేయండి

రియల్ హిల్బర్ట్ స్పేస్‌లో (ఇన్నర్ ప్రొడక్ట్ ఉన్న సంపూర్ణ వెక్టర్ స్పేస్) ఎన్ యూనిట్ వెక్టర్లు, అంటే నార్మ్ (పొడవు) 1 ఉన్నవి, ఉన్నాయి. వాటితో ఇన్నర్ ప్రొడక్ట్ తీసుకునే ఫంక్షనల్స్ అన్నింటినీ గుణిస్తే ఆ లబ్ధం నార్మ్ (యూనిట్ వెక్టర్ల మీద దాని పరిమాణం గరిష్ఠంగా ఎంతో అది) కనీసం ఎన్ పవర్ మైనస్ ఎన్/2 ఉంటుందని చూపాలి. కాంప్లెక్స్ స్పేస్‌కి గణితజ్ఞుడు ఆరియాస్ దె రేనా 1998లోనే నిరూపించారు, నాకు కావాల్సింది రియల్.

నేను చేసింది ఇది: వెక్టర్లకి ప్లస్, మైనస్ గుర్తులు మార్చి మార్చి పెట్టి కూడి, నార్మ్ అన్నిటికన్నా పెద్దదయ్యే మొత్తాన్ని డబ్ల్యూ అనుకున్నాను. ఏ ఒక్క గుర్తు తిప్పినా నార్మ్ పెరగదు కదా, అందుకని గుర్తులతో కలిపి చూస్తే ప్రతి వెక్టర్‌తోనూ డబ్ల్యూ ఇన్నర్ ప్రొడక్ట్ 1కి తగ్గదు, ఎన్‌ని మించదు, అవన్నీ కూడితే డబ్ల్యూ నార్మ్ వర్గం వస్తుంది. డబ్ల్యూని దాని నార్మ్‌తో భాగించి ఆ బిందువు దగ్గర లబ్ధం చూస్తే చాలు: ఈ ఇన్నర్ ప్రొడక్ట్‌ల లబ్ధం (వాటి మొత్తం/ఎన్) పవర్ ఎన్/2కి తగ్గకూడదు, అంతే. 5 వెక్టర్ల దాకా పని అయిపోయింది, చాలా సంతోషం వేసింది.

6 దగ్గర తేడా కొట్టింది. ఆ ఇన్నర్ ప్రొడక్ట్‌లు 6, 1, 1, 1, 1, 1 అనుకోండి: మొత్తం 11, లబ్ధం 6, కావాల్సింది మాత్రం 11/6 ఘనం, అంటే దాదాపు 6.16. కానీ ఒకటి 6 అవ్వాలంటే గుర్తులు పోగా వెక్టర్లన్నీ ఒకటే కావాలి, అప్పుడు మిగతావీ 6 అవుతాయి! ఈ విషయాన్ని అసమానతలోకి ఎలా తేవాలి? గ్రామ్ మ్యాట్రిక్స్ (వెక్టర్ల జతల ఇన్నర్ ప్రొడక్ట్‌ల పట్టిక) పాజిటివ్ సెమీడెఫినిట్ (ఐగెన్ విలువలేవీ రుణాత్మకం కావు) అన్నది వాడాలనిపిస్తోంది గానీ ఎక్కడ వాడాలో తోచట్లేదు. చిన్న హింట్ ఇచ్చినా చాలు.